పద్నాలుగో చుక్క

స్లైడుకి తెలుగేమిటని పిల్లలడిగితే
రేకు అంటాను.
రాగిరేకుల మీద పదాలు చెక్కించుకున్న భాష, చెల్లుతుంది.
పైగా ఆత్రేయపురంలో అద్దెకుంటూ
ఇంకో మాట వెతుక్కోవడం దండగ.

పదింటికి సఖినేటిపల్లి హైస్కూల్లో
నూతుల్లో ఉప్పు గురించి మాట్లాడాలి.
ఇరవైమూడు నూతులు, మూడు వేసవులు,
బస్సులో ఒళ్ళో పెట్టుకు తెచ్చిన సీసాలు.
ఇప్పుడు తెల్లారగట్ల నాలుగు.
మంచమ్మీద లాప్‌టాప్,
లాటెక్ నా మాట వినడం లేదు.

నూట ఎనభై ఏడో వరసలో తప్పుందంటుంది.
అక్కడేం లేదు. నాలుగుసార్లు చూశాను.
తప్పు నూట నలభైలో ఉంది:
నిన్న సాయంత్రం మీసాల బ్రాకెట్టు తెరిచి
మూయకుండానే కాఫీకి లేచిపోయాను.
గండి ఒకచోట,
చేను మునిగేది ఇంకోచోట.

హెచ్చరికలైతే పదిహేడు.
ఏదో గడి పొంగిందట, గట్టు దాటి మూడు పాయింట్లు.
ధవళేశ్వరంలో మొదటి హెచ్చరిక ఇస్తే
లంకల్లో ఎవరూ మంచం దిగరు.
నేనూ దిగలేదు.

అన్నిటికన్నా ఏడిపించింది ఉప్పు.
తెర మీద ఉప్‌పు అని పడింది.
నీళ్ళలో కరగాల్సింది
రెండు ముక్కలై కూచుంది.
"ఇంగ్లీషులో పెట్టెయ్యండి, వాళ్ళకి గ్రాఫే కదా కావాలి"
అన్నాడు డిపార్ట్‌మెంట్లో రాజారత్నం.
ఆ నీళ్ళు తాగేవాళ్ళ ముందు
ఆ మాటే విరిగిపోతే ఎలా?
ఇంజను మార్చాను. ఫాంటు మార్చాను.
ప కిందికి ఒత్తు వచ్చి ఒదిగింది,
ఎప్పుడూ ఎక్కడికీ వెళ్ళనట్టు.

కింద వసారాలో వీరవేణక్క
పొద్దుటి ఆర్డరుకి కుండ బోర్లించి
ఎండు కొబ్బరాకులు ఎగదోస్తోంది.
గుడ్డ పిండిలో ముంచడం, కుండ మీద పరిచి లాగడం,
పొర లేవడం. మళ్ళీ ముంచడం.
ఆ చప్పుడు లేని పని
నాకు పైదాకా వినిపిస్తుంది.

కాసేపటికి టీ గ్లాసుతో మెట్లెక్కి వచ్చింది.
"అవ్వలేదా మేడమ్‌గారూ?"
"రెండోసారి నడపాలక్కా.
మొదటిసారికి దానికి మొత్తం రేకులెన్నో తెలీదు."
"ఆయ్, మాదీ అంతేనండి.
మొదటి రేకు కుండకే."

పాజ్ అని రాసినచోటల్లా ఆగి
ఒక్కో వాక్యం ఎలా దిగుతుందో చూపించాను.
అంతా ఒక్కసారే పెట్టెయ్యచ్చు కదా అని
తనే అడిగి, తనే సర్దుకుంది:
"తడి మీద తడేస్తే అంటుకుపోతాయి లెండి."

తర్వాత పటం.
సముద్రం వైపు నుంచి చుక్కలు,
నీలం, నీలం, పసుపు.
"ఈ ఎర్రదేంటండి?"
"అంతర్వేదికర, పద్నాలుగో నుయ్యి.
తాటిదుంగ అడ్డంగా వేసి ఉంటుంది."
తను గ్లాసు కింద పెట్టింది.
"గిలక్కి పచ్చరంగా?"
అవునన్నాను.
"అది మా అమ్మోళ్ళ నుయ్యండి.
నా పెళ్ళికి పానకం కలిపింది దాన్నించే."

నా దగ్గర ఆ నూతికి మూడంకెలున్నాయి,
ఏడాదికొకటి, పెరుగుతూ.
పానకం లేదు.

చాలాసేపు చూసి అంది:
"దీన్ని ఆఖర్న చూపించండి.
ముందే కనపడితే మా తమ్ముడు లేచెళ్ళిపోతాడు.
మిగతావి చూసాకైతే
ఒక్కడికే కాదని కూచుంటాడు."

ఆ చుక్క వరసని కిందికి దించాను.
దానికి ముందొక పాజ్ పెట్టాను.
బ్రాకెట్టు మూసి, మూశానా అని మళ్ళీ చూసుకున్నాను.
కింద కుండ చల్లారిపోతోంది, తను కదల్లేదు.
ఒకసారి నడిపాను.
రెండోసారి నడిపాను.

తప్పులు లేవు.
హెచ్చరికలు పద్దెనిమిది.